ఎప్పటిదాకా ఆగాలి?

మా పాప ఎదుగుదలలో తేడా ఉందని మాకు మొదట గట్టిగా చెప్పింది డాక్టరు కాదు, బెల్లం తూచే కాంటా.

2022 ఫిబ్రవరి, మేడారం జాతర ఏడాది. పాప కడుపులో ఉన్నప్పుడే మా అత్తమ్మ సమ్మక్కకు మొక్కుకుంది, సల్లంగ పుడితే నిలువెత్తు బంగారం, అంటే బిడ్డ బరువంత బెల్లం, ఇస్తానని. పరకాల దగ్గర మా అత్తగారి ఊళ్లో కిరాణం షాపు ముందు కాంటా పెట్టి, మొక్కు ఉన్న పిల్లలందరినీ వరసగా తూస్తున్నారు. మా పాపకు అప్పుడు 8 నెలలు. కాంటా మీద కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోయింది. అత్తమ్మ వీపు వెనక చెయ్యి పెడితే తూకం తప్పుతుందని షాపాయన అన్నాడు. చివరికి నేనే పాపను ఎత్తుకుని కాంటా ఎక్కాను, తర్వాత నా బరువు తీసేశారు. 6 కిలోల 100 గ్రాములు. మా వెనక వరసలో ఉన్న పాపకు ఏడు నెలలే. ఆ పిల్ల కాంటా మీద దర్జాగా కూర్చుని బెల్లం ముద్ద అందుకోబోతోంది. ఎనిమిదిన్నర కిలోలు.

షాపాయన ఇద్దరు పిల్లలకూ చెరో చీటీ రాసి ఇచ్చాడు. నేను లెక్కల టీచర్‌ని. రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తే మనసు ఊరుకోదు. ఇంటికి వచ్చి తల్లీబిడ్డ కార్డు తెరిచి, టీకాల రోజు రాసిన బరువులన్నీ గీత మీద పెట్టి చూశాను. నాలుగో నెల నుంచే గీత పడుకుంటూ వస్తోంది. కార్డులో చుక్కలు పెట్టాల్సిన చోట ఎవరూ పెట్టలేదు. మేమూ అడగలేదు. పాప పుట్టింది 2021 జూన్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో. టీకా వేయించుకుని, మాస్కు సర్దుకుని, ఎవరికీ తగలకుండా ఇంటికి వస్తే చాలనుకున్న కాలం అది.

ఆ సాయంత్రం నేను భయపడుతూ ఈ మాట ఎత్తితే ఇంట్లో వచ్చిన జవాబు: "ఏం గాదు బిడ్డా. మీ ఆయన గూడ గింతే ఉండె. మూడేండ్లకు మాట్లాడిండు." పక్కింటావిడ అన్నది: "కరోనల పుట్టిన పిల్లలందరు గిట్లనే ఉన్నరు." తొమ్మిదో నెల టీకాకు వెళ్లినప్పుడు ఒక ప్రైవేట్ పిల్లల ఆస్పత్రిలో డాక్టరు గారు పాపను అటూ ఇటూ తిప్పి చూసి, "కొంచెం స్లో. ఆగి చూద్దాం అమ్మా" అన్నారు.

ఎప్పటిదాకా ఆగాలని నేను అడగలేదు. ఈ వ్యాసమంతా ఆ అడగని ప్రశ్న గురించే.

ఆగి చూడటం తప్పని నేను అనడం లేదు. పిల్లలందరూ ఒకే రోజు లేచి నడవరు. ప్రతి ఆలస్యానికీ పరీక్షలు రాస్తే పిల్లలకు సూదిపోట్లు, తల్లిదండ్రులకు అప్పులు మిగులుతాయి. కానీ "ఆగి చూద్దాం" అనేది వైద్యం కావాలంటే దాని పక్కన ఒక తేదీ ఉండాలి. తేదీ లేని ఆగడం ఎవరూ నిర్ణయం తీసుకోకపోవడమే. మా పాపకు 14 నెలలప్పుడు హనుమకొండలోనే ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె కూడా కొన్ని విషయాల్లో ఆగి చూద్దామనే అన్నారు. అయితే కాగితం మీద రాశారు: ఆరు వారాలు, ఫలానా తేదీ, ఆ రోజుకు ఆసరా లేకుండా కూర్చోకపోతే ఈ పరీక్షలు. మాట ఒకటే, రెండు వైద్యాలు. మొదటి మాటతో మేం ఐదు నెలలు పోగొట్టుకున్నాం. రెండో మాటతో మాకు దారి కనిపించింది.

నిజానికి వైద్యశాస్త్రం దగ్గర ఈ తేదీలు ఉన్నాయి. అవి మన దాకా రావడం లేదు, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని గమనించి ఇచ్చిన లెక్క ప్రకారం దాదాపు అందరూ 9.2 నెలలకల్లా ఆసరా లేకుండా కూర్చుంటారు, 17.6 నెలలకల్లా సొంతంగా నడుస్తారు. అది సగటు కాదు, చివరి అంచు. వినికిడికి ఇంకా కచ్చితమైన లెక్క ఉంది: నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం మొదలవ్వాలి. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం మన దేశంలో సుమారు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి ఉంటుంది. పుట్టిన రెండు మూడు వారాల్లో గుర్తించి, రోజూ ఒక చిన్న మాత్ర ఇస్తే మెదడు ఎదుగుదల కాపాడుకోవచ్చు. ఏడాది తర్వాత అదే మాత్ర ఇస్తే, అప్పటికి పోయిందాన్ని తిరిగి తీసుకురాలేదు. ఖరీదు మారలేదు, మందు మారలేదు, తేదీ మాత్రం దాటిపోయింది.

ఇంకోటి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీన్ని మన ఇళ్లలో చాలామంది మామూలుగా తీసుకుంటారు. మూడు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలు నిద్ర లేచిన వెంటనే చేతులు చాపి, తల ముందుకు వంచి, ఉలిక్కిపడ్డట్టు వరసగా పదే పదే చేస్తుంటే అది ఉలికిపాటు కాకపోవచ్చు. ఇన్‌ఫాంటైల్ స్పాజమ్స్ అనే ఫిట్స్ అట్లాగే ఉంటాయి. దానికి రోజుల లెక్కలో వైద్యం మొదలుపెట్టాలి. దిష్టి తీసి పడుకోబెట్టే ముందు ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టరు ముందు పిల్లలు ఎప్పుడూ ఆ పని చేయరు, వీడియో చేస్తుంది.

నేను ఇదంతా చెప్పడానికి నాకేం అర్హత ఉందని అనిపిస్తుంది కూడా. పదకొండేళ్లుగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పని చేస్తున్నాను. ఆరో తరగతికి వచ్చినా బోర్డు మీద అక్షరం పోల్చుకోలేని పిల్లాడి తల్లి వచ్చి "సార్లు, మేడమ్‌లు ఏమంటరో" అని నిలబడితే, "పెద్దయితే వస్తదిలే అమ్మా" అని పంపించిన రోజులున్నాయి. ఆ తల్లికి నేనూ తేదీ చెప్పలేదు. వాడికి చూపు పరీక్ష అయిందా, చెవి పరీక్ష అయిందా అని అడగలేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. దాని బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి రావాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషణ లోపాలు, జబ్బులు, ఎదుగుదల ఆలస్యాలు చూసి జిల్లాలో ఉండే ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రానికి పంపాలి. ఆ బృందం మా బడికి వచ్చిన రోజు నేను హాజరు పట్టీ తీసుకుని వరసలు నిలబెట్టాను తప్ప, నా క్లాసులో ఎవరిని ప్రత్యేకంగా చూపించాలో ఆలోచించలేదు. సొంత పాప వచ్చాకే ఆ వరసలో ఎవరెవరు నిలబడ్డారో గుర్తొస్తోంది.

ఇక పరీక్షల సంగతి.

థైరాయిడ్ నార్మల్. వినికిడికి చేసే బేరా పరీక్ష నార్మల్. తల ఎంఆర్ఐలో చెప్పుకోదగ్గదేమీ లేదు. ఒంట్లో రసాయనాల తేడాలు చూసే మెటబాలిక్ పరీక్షలు నార్మల్. కార్యోటైప్ నార్మల్. ఒక్కో రిపోర్టు వచ్చినప్పుడు మా ఆయన ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం నుంచి ఫోన్ చేసేవాడు. "నార్మలే" అంటే అటువైపు ఊపిరి వదిలిన చప్పుడు వినిపించేది. కాసేపటికి, "మరి పాప ఎందుకు నడుస్తలేదు?" అనేవాడు. నార్మల్ అనే మాట మమ్మల్ని ఇంతగా ఏడిపిస్తుందని అనుకోలేదు.

నార్మల్ అంటే జబ్బు లేదని కాదు. మేం వెతికిన చోట అది లేదని. ఈ తేడా మాకు ఎవరూ చెప్పకపోతే నేనే అర్థం చేసుకోవాల్సి వచ్చింది. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ చేసినవాళ్లకు ఇట్లా చెబుతాను. కట్టలో ఎన్ని పేపర్లు ఉండాలో అన్ని ఉన్నాయా అని లెక్కపెట్టడం కార్యోటైప్. 46 క్రోమోజోములు ఉన్నాయా, పెద్ద ముక్క ఏదైనా చిరిగిందా, అటుది ఇటు అతికిందా అన్నంత వరకే మైక్రోస్కోప్‌కు కనిపిస్తుంది. డౌన్ సిండ్రోమ్ ఇట్లా దొరుకుతుంది. ఏదో ఒక పేపర్లో ఒక పేరా చిరిగిపోతే కట్ట లెక్కలో అది తెలియదు, దానికి మైక్రోఅర్రే కావాలి. ఎక్సోమ్ అంటే పేపర్లు విప్పి జవాబులను అక్షరం అక్షరం చదవడం. దాదాపు 20 వేల జన్యువులు. అయితే అది జవాబులనే చదువుతుంది, పక్కన మార్జిన్లో చేసిన రఫ్ వర్క్ చదవదు. మొత్తం జన్యు సమాచారంలో ఎక్సోమ్ ఒకటి రెండు శాతమే. లెక్కల టీచర్‌గా నాకు తెలుసు, తప్పు చాలాసార్లు రఫ్ వర్క్‌లోనే ఉంటుంది.

మా పాపకు ఎక్సోమ్ 2023 వానాకాలంలో చేయించాం. ముప్పై వేలకు పైన అయింది. రిపోర్టు రావడానికి ఏడు వారాలు. దాంట్లో ఒక జన్యువు పేరు, దాని పక్కన ‘ప్రాముఖ్యం తేలని మార్పు’ అని ఉంది. అక్షరం ఒకటి తేడాగా ఉంది, అది తప్పా, చేతిరాత తేడానా ఇంకా తెలియదని అర్థం. హైదరాబాద్‌లో జెనెటిక్స్ డాక్టరు గారు ఓపికగా చెప్పారు: ఇది జవాబు కాదు, అనుమానం. మీ ఇద్దరి రక్తం కూడా చూద్దాం.

ఆయన అంత స్పష్టంగా చెప్పినా మేం దాన్ని జవాబుగానే ఇంటికి తెచ్చుకున్నాం. రెండేళ్లుగా పేరు లేని దానికి ఒక పేరు దొరికింది మరి. రాత్రిళ్లు ఆ జన్యువు పేరు కొట్టి ఎక్కడెక్కడి పిల్లల ఫోటోలో చూసేదాన్ని. నుదురు ఇట్లాగే ఉందని, చెవులు ఇట్లాగే ఉన్నాయని పోల్చుకునేదాన్ని. ఇంట్లో ఇంకో సంగతి మొదలైంది. "ఎవరి దిక్కు నుంచి వచ్చిందట?"

మన దగ్గర ఈ ప్రశ్న పాప కన్నా ముందు నడుస్తుంది. ఏ ఆస్పత్రికి వెళ్లినా మొదటి ప్రశ్న మేనరికమా అని. వైద్యపరంగా అది అడగాల్సిన ప్రశ్నే. దగ్గరి రక్తసంబంధంలో భార్యాభర్తలిద్దరి దగ్గరా ఒకే లోపం దాగి ఉండే అవకాశం పెరుగుతుంది, అప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు ప్రమాదం. మాది మేనరికం కాదు. కాదని చెప్పగానే ఎదుటివాళ్ల ముఖంలో ‘అయితే ఏమీ ఉండదులే’ అన్న ధీమా చాలాసార్లు చూశాను. అది సరికాదు. తల్లిలోనూ తండ్రిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా వచ్చే మార్పులు చాలా ఉంటాయి. వాటికి ఎవరి దిక్కూ లేదు. అయినా మా ఇంట్లో చనిపోయిన మేనమామ ఫిట్స్ దగ్గర నుంచి, మా అమ్మ చెల్లెలి కొడుకు నత్తి దాకా అన్నీ బయటికి వచ్చాయి. నేను మౌనంగా ఉన్నాను. మా ఆయన ఒక్కడే ఒక రాత్రి, "నాదే అయితే బాగుండు, నిన్నెవరూ ఏమనరు" అన్నాడు.

అక్టోబర్‌లో ఫలితం వచ్చింది. ఆ మార్పు ఆయనలోనూ ఉంది. ఆయన ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాల మధ్య రోజంతా తిరిగే ఆరోగ్యమైన మనిషి. కాబట్టి అది కారణం అయ్యే అవకాశం చాలా తక్కువని డాక్టరు గారు కొట్టేశారు. ఆ రోజు ఉప్పల్ నుంచి హనుమకొండ బస్సులో జనగామ దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఉన్న ఒక్క పేరూ పోయింది.

"పేరు తెలిస్తే మాత్రం ఏం చేస్తరు? మందైతే లేదు గదా" అని మా బంధువులు చాలామంది అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను ఒప్పుకోను. కొన్ని పేర్లకు మందు ఉంది. బి12 లోపం, థైరాయిడ్, కొన్ని మెటబాలిక్ జబ్బులు, కొన్ని రకాల ఫిట్స్ ఆ కోవలోవే. వాటిని ముందు తీసేయకుండా ఇక చేసేదేమీ లేదని అనడానికి ఎవరికీ హక్కు లేదు. 2021లో వచ్చిన అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద హైదరాబాద్‌లో నిమ్స్ ఆస్పత్రి, జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ సంస్థ కలిసి ఒక ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. ఆ విధానంలో 50 లక్షల వరకు సాయం ఉంది, కానీ అది పేరు తేలిన, జాబితాలో ఉన్న జబ్బులకే. పేరు లేని పిల్లలకు ఆ తలుపు తెరుచుకోదు. ఇక ఇంట్లో రోజూ వినిపించే మాట, "ఇంకొకల్లను కనుండ్రి, ఈమెకు తోడుంటరు." కనాలా వద్దా? ప్రమాదం నాలుగో వంతా, నూటికి ఒకటా? కారణం తేలితే ఆ అంకె చెప్పగలరు. తేలకపోతే నేను ఏ ధైర్యంతో నిర్ణయించుకోవాలి? నాకు 34 ఏళ్లు. ఈ ఒక్క విషయంలో జవాబు కోసం వెతకడం మానేయమని నాకు ఎవరూ చెప్పొద్దు.

కానీ జవాబు కోసం వెతకడం వేరు, జవాబు వచ్చేదాకా ఆగడం వేరు. ఇక్కడ తప్పు మాదే.

14 నెలలప్పుడు ఆ డాక్టరమ్మ రాసిన కాగితంలో పరీక్షల కింద ఇంకో పంక్తి ఉంది: ఫిజియోథెరపీ, ఫీడింగ్ అసెస్‌మెంట్. పదిరోజులు తీసుకెళ్లి మానేశాం. అసలు జబ్బేమిటో తెలియకుండా కాళ్లూ చేతులూ ఊపితే ఏం లాభమని అనుకున్నాం. ముందు రోగం తేలాలి, తర్వాత వైద్యం. జ్వరానికి, కామెర్లకు అట్లాగే కదా చేస్తాం. ఎక్సోమ్ డబ్బులు కూడబెట్టడానికి, రిపోర్టుకు, మా ఇద్దరి రక్తానికి, మధ్యలో పాపకు మూడుసార్లు నిమ్ము చేసి అడ్మిట్ చేసిన రోజులకు కలిపి ఏడాది పైన గడిచింది. డాక్టర్ల దగ్గర తేదీ లేదని బాధపడ్డ నేను, నా పాపను తేదీ లేని రిపోర్టు కోసం ఆపి ఉంచాను.

దాన్ని కదిలించింది మా మండలంలోని భవిత కేంద్రం టీచరమ్మ. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వ బడుల్లో ఉండే ఈ కేంద్రం గురించి మా స్టాఫ్ రూమ్‌లో గోడ మీద కాగితం ఉండేది. ఆమె నెలనెలా చుట్టుపక్కల బడుల టీచర్లకు జరిగే కాంప్లెక్స్ మీటింగ్‌లో నా పక్కన కూర్చునేది. ఆమెతో పాప గురించి చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. అంతా విని ఆమె రిపోర్టులు అడగలేదు. "అన్నం ఎట్లా పెడతరు మేడమ్?" అని అడిగింది.

ఎట్లా పెడతాం? అందరూ పెట్టినట్టే. పాప ఒళ్లు మెత్తన, కూర్చోలేదు. కాబట్టి అత్తమ్మ రెండు కాళ్లు చాపి, కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో జావ పోసేది. ఎంతో ప్రేమగా, గంటసేపు. పాప దగ్గేది. దగ్గితే తల తట్టేది, మళ్లీ పోసేది.

ఆమె ఆ వారమే స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి పంపింది. మాట్లాడని పాపకు మాటల థెరపీ ఇప్పుడెందుకు అనుకుంటూ వెళ్లాను. స్పీచ్ థెరపిస్టులు మింగడాన్ని కూడా చూస్తారని నాకు అప్పుడే తెలిసింది. ఆమె పాపకు రెండు చెంచాలు తినిపించి చూసి చెప్పింది: కండరాల్లో పట్టు తక్కువ, మింగేటప్పుడు కొంచెం గాలిగొట్టంలోకి జారుతోంది, అందుకే దగ్గు, బహుశా అందుకే నిమ్ము. తినడానికే అలసిపోతోంది, అందుకే బరువు లేదు. నడుము నిటారుగా, పాదాలకు కింద ఆనిక, గడ్డం కొంచెం కిందికి వంచి, జావ చిక్కగా, చెంచా చిన్నగా. వడ్డేపల్లిలో మా ఇంటి దగ్గర వడ్రంగి ఒకాయన చేతులున్న చిన్న కుర్చీ చేసి ఇచ్చాడు, కాళ్ల కింద పలక పెట్టి. ఎనిమిది వందల రూపాయలు.

ఆ తర్వాత చలికాలం పాపకు నిమ్ము రాలేదు.

పాప సంగతుల్లో ఇంతకాలం అర్థం కానిదాంట్లో సగం జవాబు ఆ ఉగ్గుగిన్నె దగ్గర ఉంది. మేం దాన్ని రక్తంలో వెతికాం. ఒళ్లు ఎందుకు మెత్తగా ఉందో ఇప్పటికీ తెలియదు. మెత్తగా ఉన్న ఒంటితో ఎట్లా తినాలి, ఎట్లా కూర్చోవాలి, ఎట్లా పిలవాలి అన్నదానికి ఆ తెలియడం అవసరం లేకపోయింది. మా అత్తమ్మకు ఈ విషయం చెప్పడం కష్టమైంది. తన చేతి మీదుగానే పాపకు నిమ్ము చేసిందని అనుకుంటుందేమోనని భయపడ్డాను. ఆమె చాలాసేపు ఆ కుర్చీని చూసి, "ముందే ఎవరన్న చెప్తే అయిపోవు గదా" అన్నది. అవును. ఉగ్గు పోసే ప్రతి నానమ్మకూ అంగన్‌వాడీలో ఒక్కసారి చెబితే అయిపోయేది. ఇప్పుడు మూడు పూటలా కుర్చీలో కూర్చోబెట్టి తినిపించేది ఆమే. నేను తొందరపడితే నన్ను కోప్పడేది కూడా ఆమే.

మా ఇంట్లో మొక్కులు, తాయెత్తులు, దర్గా దగ్గర ఊదించడం అన్నీ జరిగాయి. వాటి మీద నాకు కోపం లేదు. అత్తమ్మ మొక్కు ఏ రోజూ ఆస్పత్రికి అడ్డం రాలేదు. ఒక్కసారి మాత్రం, జ్వరంతో ఫిట్స్ వచ్చినప్పుడు, పొట్ట మీద వాతలు పెట్టిస్తే తగ్గుతుందని ఒక బంధువు బయలుదేరదీశాడు. మా ఆయన ఆ మనిషిని గడప దాకా తీసుకెళ్లి పంపించేశాడు. కాల్చిన కడ్డీ పసిఒంటికి పుండు మాత్రమే మిగులుస్తుంది. ఈ ఒక్క విషయంలో పెద్దల మాట అని తలవంచకండి.

ఇంకా ఒక మాట సర్టిఫికెట్ గురించి. పేరు తేలలేదు కదా, వికలాంగుల సర్టిఫికెట్‌కు ఎట్లా వెళ్తామని చాలామంది ఆగిపోతారు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆ సర్టిఫికెట్ కోసం పెట్టే సదరం శిబిరంలో చూసేది పాప ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్నదాన్ని. జన్యు రిపోర్టు లేదని ఎవరూ వెనక్కి పంపకూడదు. నన్ను ఆపింది చట్టం కాదు, ఆ మాటంటే నాకున్న భయం. ఆ కాగితం మీద పాప ఫోటో అతికిస్తే ఇక మారదేమో అనిపించింది. అతికించాను. పాప అట్లాగే ఉంది, తన పద్ధతిలో పెరుగుతూనే ఉంది.

ఇప్పుడు ఎవరైనా తల్లి నన్ను అడిగితే ఫైలు చూపిస్తాను. మొదటి పేజీలో రిపోర్టులు ఉండవు, ఒక కాగితం మీద తేదీలు ఉంటాయి: ఎప్పుడు మెడ నిలిపింది, ఎప్పుడు కూర్చుంది, ఎప్పుడు ఏ జబ్బు చేసింది, ఏ పరీక్షలో ఏం చూశారు, ఏం చూడలేదు. ముఖ్యంగా, వచ్చిన పని చేయడం ఎప్పుడైనా మానేసిందా అన్నది. నిన్న అన్న మాట ఇవాళ అనలేకపోతే, నిన్న వేసిన అడుగు ఇవాళ వేయలేకపోతే అది ఆలస్యం కిందికి రాదు. ఆ రోజే వెళ్లాలి. నార్మల్ వచ్చిన రిపోర్టులు పారేయకండి, మళ్లీ అదే పరీక్ష చేయించకుండా కాపాడేవి అవే. ఎక్సోమ్ చేయించినవాళ్లు ముడి డేటా కూడా అడిగి తీసుకోండి. ఇప్పుడు అర్థం కాని అక్షరం రెండేళ్ల తర్వాత అర్థం కావచ్చు. ప్రతి ఏడాదీ కొత్త జన్యువుల గురించి తెలుస్తోంది, అదే డేటాను మళ్లీ చదివితే కొందరికి కొత్తగా జవాబు దొరుకుతోంది. పాప రక్తం మళ్లీ ఇవ్వక్కర్లేదు. కానీ వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసి చెప్తారని ఉండొద్దు, మనమే అడగాలి. డాక్టరు గదిలోంచి లేచే ముందు నేను ఒకటే అడుగుతాను, మళ్లీ ఎప్పుడు, ఆ రోజుకు ఏం జరగకపోతే ఏం చేద్దాం అని. ఇంతవరకు ఏ డాక్టరూ విసుక్కోలేదు. ఒకాయన మాత్రం పెన్ను ఆపి, నా వైపు చూసి, క్యాలెండర్ దగ్గరికి జరుపుకున్నారు.

2024 జాతరకు పాప 8 కిలోల 900 గ్రాములు తూగింది. రెండేళ్లలో 2 కిలోల 800 పెరిగింది. ఆ వయసులో పిల్లలు నాలుగైదు కిలోలు పెరుగుతారు. అప్పటికి కుర్చీ వచ్చి మూడు నెలలే. కాంటా మీద ఎవరి చెయ్యీ లేకుండా కూర్చుంది. ఆ ఏడాది బతుకమ్మ పండుగ తర్వాత, మూడేళ్ల నాలుగు నెలలకు, మా ఇంటి మెట్ల దగ్గర నుంచి తులసి కోట దాకా ఏడు అడుగులు వేసింది. ఎదురుగా కూర్చుని ఉన్న అత్తమ్మ చీర కొంగు పట్టుకుని ఆగింది.

మొన్న 2026 జనవరిలో మళ్లీ జాతర. అదే ఊరు, అదే షాపు. కాంటా ఇప్పుడు ఎలక్ట్రానిక్‌ది, నేల మీద పెట్టేది. పాప వాళ్ల నాన్న వేలు వదిలి, అడుగు కొంచెం ఎడంగా వేసుకుంటూ, తనే వెళ్లి ఎక్కింది. అంకెలు కదులుతున్నంతసేపు కిందికి వంగి చూసింది. 12 కిలోల 800. షాపాయన బెల్లం తూస్తుంటే "ఇంకా" అన్నది. దానికి ఇరవై దాకా మాటలు వచ్చు, అందులో అది ఒకటి.

చీటీని ఫైల్లో పాత రెండు చీటీల వెనక పెట్టాను. వచ్చే జూన్‌కు పాపకు ఐదేళ్లు నిండుతాయి. గ్లోబల్ డెవలప్‌మెంటల్ డిలే, అంటే ఎదుగుదల పలు విషయాల్లో ఆలస్యం కావడం, అన్న మాట ఐదేళ్ల లోపు పిల్లలకే వాడతారు, ఆ తర్వాత మళ్లీ పరీక్షించి ఇంకో మాట రాస్తారు. దాని కోసం జూన్ 22న వెళ్లాలి. ఎక్సోమ్ డేటాను మళ్లీ చదవమని అడగడానికి ఆగస్టు 17, సోమవారం. ఆ రెండు రోజులకూ సెలవు చీటీ రాసి హెడ్‌మాస్టర్ గారి టేబుల్ మీద పెట్టాను.